దూరాన ఉన్న పెద్దల కంప్యూటరుకు చేయూత: ఏ సాఫ్ట్‌వేరును ఎంచుకోవాలి?

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మన రాయచూరు జిల్లాలో తెలుగు కుటుంబాల కథ ఒక్క ఊరితో ముగిసేది కాదు. 1956 నవంబరు 1న ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుండి విడివడి నాటి మైసూరు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు గీత మారినది గాని బంధుత్వాలు మారలేదు. తుంగభద్ర ఎడమ కాలువ నీటిని నమ్ముకొని సింధనూరు, మాన్వి ప్రాంతాల క్యాంపులకు వచ్చి స్థిరపడినవారికి నేటికీ ఆవలి రాష్ట్రాలలో పుట్టినిళ్ళు ఉన్నాయి. వారి పిల్లలు బెంగళూరులోనో, హైదరాబాదులోనో, సముద్రాల ఆవలనో ఉద్యోగాలు చేస్తున్నారు. ఊళ్ళో పెద్దలు మిగిలారు. వారి ఎదుట ఒక కంప్యూటరు మిగిలినది.

ఆ కంప్యూటరు చెడినప్పుడు ఎవరు బాగుచేయాలి? ఈ ప్రశ్నకు జవాబుగా వచ్చినవే దూరం నుండి కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేర్లు. వాటిలో ఏది మన ఇంటికి తగినదో ఎలా నిర్ణయించుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ముందుగా మా ఇంట జరిగిన ఒక సంగతిని మనవి చేస్తాను.

మా ఇంటి అనుభవం

నేను కల్లూరులో ఉంటున్నాను. మా తల్లిదండ్రులు గద్వాల సమీపాన ఒక గ్రామంలో ఉంటారు. నాన్నగారు విశ్రాంత ఉపాధ్యాయులు. మనుమడు వాడి విడిచిన కంప్యూటరులో తమ చిన్ననాటి జ్ఞాపకాలను తెలుగులో టైపు చేసుకుంటారు, పింఛను జమ అయినదీ లేనిదీ చూసుకుంటారు, ఆదివారాలలో విదేశాన ఉన్న మనుమరాలితో ముఖాముఖి మాట్లాడుతారు.

మొదట్లో ఏ ఇబ్బంది వచ్చినా ఫోనులోనే చెప్పేవాడిని. "నాన్నా, కింద ఎడమ మూలన నొక్కండి" అంటే, "నొక్కాను నాయనా, ఏమీ రాలేదు" అనేవారు. అరగంట తరువాత తేలేది, ఆయన మౌసు కుడి మీటను నొక్కుతున్నారని. ఒక మిత్రుని సలహాపై ఆ కంప్యూటరులో దూర నియంత్రణ సాఫ్ట్‌వేరు ఒకటి పెట్టాను. అటుపై పని సులువైనది. నేను ఫోను చేస్తాను. నాన్నగారు తెరపై కనిపించే అంకెలను చదువుతారు. ఒక పెట్టె వస్తుంది, దానిపై నొక్కుతారు. మిగిలినది నేను చూసుకుంటాను. రెండేళ్ళు ఇలా గడిచినవి.

ఒకనాటి మధ్యాహ్నం నేను తరగతిలో ఉండగా అమ్మ ఫోను నుండి పిలుపు వచ్చినది. మాట్లాడినది నాన్నగారు. "నాయనా, బ్యాంకువారు నా ఫోనులో ఉన్నారు. ఖాతా ఆగిపోతుందట, కంప్యూటరులో సరిచేస్తారట. నీవు అడిగినట్లే అంకెలు అడిగారు, చదివాను. ఇప్పుడు పెట్టె వచ్చినది. ఇందులో రెండు మీటలు ఉన్నవి, నీకు నొక్కేది ఏది?" అన్నారు.

"ఏదీ నొక్కవద్దు నాన్నా, గోడ దగ్గర స్విచ్చి ఆపేయండి" అన్నాను. ఆపేశారు. సొమ్ము పోలేదు. మరునాడు సెలవు పెట్టి వెళ్ళి, బ్యాంకు శాఖలో విషయం చెప్పి, రహస్య పదాలన్నిటినీ మార్చి వచ్చాను. దారిలో నన్ను బాధించిన సంగతి ఒక్కటే. అంకెలు అడిగితే చదవాలి, పెట్టె వస్తే నొక్కాలి అని రెండేళ్ళపాటు ఆయనకు అలవాటు చేసినది నేనే. మోసగాడు కొత్తగా నేర్పవలసినది ఏమీ లేకపోయినది.

కాబట్టి సాఫ్ట్‌వేరును ఎంచుకోవడమంటే పేరు ఎంచుకోవడం మాత్రమే కాదు. పెద్దలకు ఏ అలవాటు నేర్పుతున్నామన్నది కూడా అందులో భాగమే.

ఇవి ఎలా పనిచేస్తాయి?

సూత్రం కష్టమైనది కాదు. అవతలి కంప్యూటరు తన తెరపై కనిపించే బొమ్మను ఇంటర్నెట్ ద్వారా మనకు పంపుతూ ఉంటుంది. మన మౌసు కదలికలు, మన మీటల నొక్కుళ్ళు తిరుగు ప్రయాణంలో అక్కడికి చేరుతాయి. మారిన భాగాన్ని మాత్రమే పంపడం వలన నెమ్మదిగా ఉన్న నెట్ మీద కూడా కొంతవరకు పని నడుస్తుంది.

ఇళ్ళలోని కంప్యూటర్లు రూటరు చాటున ఉంటాయి. మొబైల్ నెట్ అయితే అనేకమంది వినియోగదారులు ఒకే బయటి చిరునామాను పంచుకోవడం సాధారణం. అందువలన మనం నేరుగా అవతలి కంప్యూటరు తలుపు తట్టలేము. దీనికి ఉపాయంగా రెండు కంప్యూటర్లూ కంపెనీ నడిపే ఒక మధ్యవర్తి సర్వరును సంప్రదిస్తాయి. మనం చదివించుకునే అంకెలు ఆ మధ్యవర్తి వద్ద అవతలి కంప్యూటరును గుర్తించడానికే. మధ్యవర్తి ఇద్దరినీ కలిపిన తరువాత వీలైతే నేరుగా, కాకపోతే ఆ సర్వరు మీదుగానే బొమ్మలు ప్రయాణిస్తాయి.

ఈ సాఫ్ట్‌వేర్ల వాడుక రెండు విధాలు. మొదటిది, అవతల మనిషి ఉండి ప్రతిసారీ అనుమతి ఇచ్చే పద్ధతి. రెండవది, ఒకసారి శాశ్వత రహస్య పదం పెట్టుకొని ఎవరూ లేనప్పుడు కూడా ప్రవేశించే పద్ధతి. రెండవది సహాయకునికి హాయి. కాని ఆ రహస్య పదం పరుల చేతికి చిక్కితే ఇంటి తాళంచెవి చిక్కినట్లే.

ఎంచుకొనే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

ఒకటి: అవతల ఉన్నది ఏ యంత్రం? విండోసా, మ్యాకా, లినక్సా, లేక ఫోనా? విండోస్ అయితే ఏది? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. భద్రతా సవరణలు అందని కంప్యూటరుకు బయటి నుండి ప్రవేశం ఏర్పాటు చేసే ముందు దానిని నవీకరించగలమేమో చూడాలి.

రెండు: పెద్దలు చేయవలసిన పనులు ఎన్ని? మూడు నొక్కుళ్ళకు మించితే ఫోనులో వివరించడం మళ్ళీ మొదటికి వస్తుంది.

మూడు: అనుమతి అడుగుతుందా? తెర చూపడానికి ఒకసారి, మౌసును అప్పగించడానికి మరొకసారి విడివిడిగా అడిగేవి మేలు.

నాలుగు: సంకేతం ఎంతసేపు చెల్లుతుంది? కొద్ది నిమిషాలలో చెల్లకుండా పోయే సంకేతం మంచిది. ఎప్పటికీ మారని సంకేతాన్ని ఎవరైనా రాసుకోవచ్చు.

ఐదు: ఉచితమా? ఉచితమైతే ఏ షరతు మీద? తల్లిదండ్రులకు సహాయం చేయడం సొంత వాడుక. బడి కంప్యూటరుకో, అంగడి కంప్యూటరుకో అదే ఉచిత ప్రతిని వాడడం సాధారణంగా ఆ షరతుకు విరుద్ధం.

ప్రధానమైన సాఫ్ట్‌వేర్లు

క్విక్ అసిస్ట్: ఇది మైక్రోసాఫ్ట్‌వారిది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన రిమోట్ అసిస్టెన్స్‌కు వారసురాలుగా 2016లో విండోస్ 10లో ప్రవేశించినది. కంట్రోల్, విండోస్, క్యూ మీటలను కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. సహాయం చేసేవారికి మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి, పొందేవారికి అక్కరలేదు. సంకేతం సహాయకుని తెరపై పుడుతుంది, దానిని పెద్దలు తమ కంప్యూటరులో టైపు చేస్తారు. ఆ సంకేతం కొద్ది నిమిషాలే చెల్లుతుంది. తెర చూపడానికీ, నియంత్రణ అప్పగించడానికీ వేర్వేరుగా అనుమతి అడుగుతుంది. శాశ్వత ప్రవేశం ఇందులో లేదు. లోపం ఏమంటే, రెండు వైపులా విండోస్ ఉన్నప్పుడే దీని ప్రయోజనం నిండుగా దక్కుతుంది.

క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్: గూగుల్‌వారు 2011లో పరీక్షా రూపంలో విడుదల చేశారు. విండోస్, మ్యాక్, లినక్సులకు పనికివస్తుంది, ఉచితం. ఒకసారి సహాయం కొరకు 12 అంకెల సంకేతం అవతలి తెరపై పుడుతుంది. పంచుకోవడాన్ని కొనసాగించమంటారా అని అరగంటకొకసారి మళ్ళీ అడుగుతుంది. శాశ్వత ప్రవేశం కావాలంటే గూగుల్ ఖాతాకు తోడు కనీసం 6 అంకెల పిన్ను పెట్టుకోవాలి. అప్పుడు ఆ గూగుల్ ఖాతా భద్రతయే మన ఇంటి కంప్యూటరు భద్రత అవుతుందని మరువరాదు.

టీమ్‌వ్యూయర్: జర్మనీలోని గోపింగెన్ నగరంలో 2005లో మొదలైనది. ఈ రంగంలో చాలామందికి తెలిసిన పేరు. సొంత వాడుకకు ఉచితం. కాని ఒకే వ్యక్తి అనేక కంప్యూటర్లకు తరచుగా కలుపుతుంటే వ్యాపార వాడుకగా అనుమానించి సమయాన్ని తగ్గించవచ్చు. ఊరిలో పదిమందికి సాయపడే ఉత్సాహవంతులు ఈ సంగతి గమనించాలి.

ఎనీడెస్క్: ఇదీ జర్మనీదే, 2014లో స్టుట్‌గార్టులో ఆరంభమైనది. పరిమాణంలో చిన్నది, నెమ్మదిగా ఉన్న నెట్ మీద కూడా చురుకుగా పనిచేస్తుందని పేరు. సొంత వాడుకకు ఉచితం. 2024 ఫిబ్రవరిలో తమ సర్వర్లలోకి చొరబాటు జరిగినట్లు కంపెనీ ప్రకటించి, పాత ధ్రువపత్రాలను రద్దు చేసినది. కాబట్టి పాత ప్రతి ఉన్నవారు దానిని తీసివేసి, కంపెనీ సొంత స్థలం నుండే కొత్తది దించుకోవాలి. అదే ఏడాది జూన్‌లో టీమ్‌వ్యూయర్ కూడా తన కార్యాలయ నెట్‌వర్కులోకి చొరబాటు జరిగినట్లు వెల్లడించినది. ఎంత పెద్ద కంపెనీ అయినా మధ్యవర్తి మధ్యవర్తియే.

వీఎన్‌సీ: ఈ తరహా సాఫ్ట్‌వేర్లలో పాతది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్న ఒక పరిశోధనాలయంలో 1990ల చివర రూపొందినది. దాని మూలాన్ని అందరికీ అందించినందున ఎన్నో రూపాలు వచ్చినవి. ఒకే ఇంటి నెట్‌వర్కులో ఇది బాగుంటుంది. ఊళ్ళ మధ్య వాడాలంటే రూటరు అమర్పులు తెలియాలి. పాత రూపాలు సమాచారాన్ని గుప్తపరచవు గనుక వాటిని నేరుగా ఇంటర్నెట్‌కు తెరచి ఉంచడం ప్రమాదం.

రస్ట్‌డెస్క్: మూలం బహిరంగంగా ఉన్న కొత్త తరం సాఫ్ట్‌వేరు. మధ్యవర్తి సర్వరును కూడా మనమే సొంతంగా నడుపుకునే వీలు దీని ప్రత్యేకత. ఇంట కంప్యూటరు విద్య నేర్చిన పిల్లలు ఉంటే పరిశీలించదగినది.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్: చాలామంది దీనిని కూడా ఇదే కోవలోకి చేరుస్తారు. కాని కుటుంబ సహాయానికి ఇది తగదు. హోమ్ ప్రతి ఉన్న విండోస్‌లోకి దీని ద్వారా ప్రవేశించలేము. ప్రవేశించగలిగిన ప్రతులలో కూడా మనం లోపలికి వెళ్ళగానే అవతలి తెర తాళం పడుతుంది; మనం ఏమి చేస్తున్నామో పెద్దలు చూడలేరు. పైగా దీని కొరకు రూటరులో దారి తెరిస్తే, రహస్య పదాలను ఊహించే యంత్రాలు నిరంతరం తట్టుతూనే ఉంటాయి.

ఫోనుల సంగతి

ఇప్పుడు చాలామంది పెద్దల చేతిలో ఉన్నది ఫోనే. ఆండ్రాయిడ్ ఫోనులను దూరం నుండి నడిపే వీలు పైన చెప్పిన కొన్నిటిలో ఉన్నది. కాని ఫోనులోనే బ్యాంకు, ఫోనులోనే ఓటీపీ ఉంటాయి. అందువలన ఫోనుపై పూర్తి నియంత్రణ ఇచ్చే సాఫ్ట్‌వేరును పెద్దల ఫోనులో ఉంచకపోవడమే మేలని నా అభిప్రాయం. ఎక్కడ నొక్కాలో చెప్పడానికి తెర కనిపిస్తే చాలును. వాట్సాప్ వీడియో కాల్‌లో తెరను చూపే సదుపాయం 2023 ఆగస్టు నుండి ఉన్నది. అందులో మనం చూడగలమే గాని నొక్కలేము. అయితే తెర కనిపిస్తున్నంతసేపూ ఓటీపీ కూడా కనిపిస్తుంది. అపరిచితులకు తెర చూపడం సొమ్ముల పెట్టె తెరిచి చూపడం వంటిదే.

మోసం ఎక్కడ జరుగుతుంది?

2019 ఫిబ్రవరిలో భారతీయ రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ పేరు చెప్పి బ్యాంకులను హెచ్చరించినది. మోసగాళ్ళు ఖాతాదారులచేత దానిని ఫోనులో పెట్టించి, సంకేతం చదివించుకొని, యూపీఐ ద్వారా సొమ్ము కాజేస్తున్నారన్నది ఆ హెచ్చరిక సారాంశం. 2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ కూడా తమ క్విక్ అసిస్ట్‌ను నేరస్థులు సాంకేతిక సహాయకుల వేషంలో దుర్వినియోగం చేస్తున్నట్లు తెలిపినది. అంటే దోషం ఒక్క సాఫ్ట్‌వేరుది కాదు. కత్తి ఒకటే, కూరగాయ తరిగేది, చేయి కోసేది పట్టుకున్నవారిని బట్టి ఉంటుంది.

మరి పెద్దలు తేడాను ఎలా గుర్తించాలి? సాంకేతిక పదాలతో వారికి పని లేదు. నేను ఒక తెల్లకాగితంపై పెద్ద అక్షరాలతో ఈ ఐదు వాక్యాలను రాసి, నాన్నగారి కంప్యూటరు పక్కన గోడకు అంటించాను:

1. కంప్యూటరు చూపించేది మన ఇంటివారికి మాత్రమే.
2. సహాయం కావాలంటే మనమే ఫోను చేయాలి. తనంతట తాను ఫోను చేసినవారికి చూపించరాదు.
3. ఇంటివారి గొంతే వినిపించినా, ఇంటి ప్రశ్న అడిగి జవాబు వచ్చిన తరువాతనే సంకేతం.
4. ఇంటివారు చూస్తున్నప్పుడు కూడా బ్యాంకు పేజీ తెరవరాదు.
5. అనుమానం వస్తే గోడ దగ్గర స్విచ్చి ఆపాలి. తప్పు చేశామని భయపడరాదు.

ఇంటి ప్రశ్న అంటే మా కుటుంబానికి మాత్రమే తెలిసిన చిన్న సంగతి. అది ఇక్కడ రాయను, మీరూ ఎవరికీ చెప్పవద్దు. ఐదవ వాక్యంలోని రెండవ భాగం అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. పిల్లలు కోప్పడతారన్న భయంతో పెద్దలు జరిగినది దాచితే, సొమ్మును ఆపగలిగే సమయం కాస్తా దాటిపోతుంది. సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయాలి. ఇది సైబరు ఆర్థిక మోసాల జాతీయ సహాయ కేంద్రం. మనం కర్ణాటకలో ఉన్నా, పెద్దలు తెలంగాణలో ఉన్నా సంఖ్య అదే. ఎంత త్వరగా చెబితే సొమ్మును దారిలో నిలిపే అవకాశం అంత ఎక్కువ.

సహాయకుడు పాటించవలసిన నియమాలు

నియమాలు పెద్దలకే కాదు. సహాయకుడు కూడా కొన్ని పాటించాలి. పని ముగియగానే సంబంధం తెంచినట్లు పెద్దలకు చూపించాలి. శాశ్వత ప్రవేశం నిజంగా అవసరమైతే తప్ప పెట్టరాదు. పెట్టితే ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. వాడని సాఫ్ట్‌వేరును తీసివేయాలి. పెద్దల ఉత్తరాలు, ఫొటోలు అనుమతి లేకుండా తెరవరాదు. కంప్యూటరు మన కళ్ళ ముందుకు వచ్చినంత మాత్రాన అది మనది కాదు.

మరొక చిన్న సంగతి. మార్పులకు అనుమతి కోరుతూ విండోస్ హెచ్చరిక పెట్టె చూపినప్పుడు సహాయకునికి తెర నల్లగా కనిపించవచ్చు. నెట్ పోయినదని కంగారుపడనవసరం లేదు. ఆ పెట్టెను అవతలి మనిషి చదివి నొక్కాలి. అది అడ్డంకి కాదు, భద్రతా ఏర్పాటే.

ముగింపు

రెండు వైపులా విండోస్ ఉన్న సామాన్య కుటుంబానికి క్విక్ అసిస్ట్ చాలునని నా అభిప్రాయం. వేర్వేరు యంత్రాలు ఉన్నచోట క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌ను ఒకసారి సంకేతం పద్ధతిలో వాడవచ్చు. ఇవి చాలనప్పుడే మిగిలినవాటి వైపు చూడడం మంచిది.

మా ఇంట పాత సాఫ్ట్‌వేరును తీసివేసి క్విక్ అసిస్ట్‌కు మారాము. దీనిలో సంకేతాన్ని నాన్నగారు చదవరు. నేను చదువుతాను, ఆయన టైపు చేస్తారు. మోసగాడు కూడా అలాగే సంకేతం చెప్పవచ్చు గనుక గోడమీది కాగితం అలాగే ఉన్నది. గత నెల ప్రింటరు పనిచేయక నాన్నగారు ఫోను చేశారు. నేను సంకేతం చెప్పబోతుండగా ఆపి, "ముందు ఇంటి ప్రశ్నకు జవాబు చెప్పు నాయనా" అన్నారు. నలభై దాటిన ఉపాధ్యాయుడిని విద్యార్థిలా నిలబడి జవాబు చెప్పాను. సరియైనదని ఒప్పుకున్న తరువాతనే నన్ను లోపలికి రానిచ్చారు.

ప్రతి ఇంటా పెద్దలు ఇలాగే అడగాలని, పిల్లలు విసుగు లేకుండా జవాబు చెప్పాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.